సీట్ స్టే పగిలింది. కార్బన్ ఫ్రేమ్‌ను ఇంట్లో బాగుచేసుకోవచ్చా?

మాధవి_నిజాంపేట · ఏప్రిల్ 3

అందరికీ నమస్కారం. హైదరాబాద్ నిజాంపేటలో ఉంటాను, జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. నలభై దాటాక సైకిల్ మొదలుపెట్టాను, ఇప్పటికి నాలుగేళ్లు. పోయిన డిసెంబరులో మొదటి 200 కిలోమీటర్ల బీఆర్ఎం (గడువులోగా పూర్తిచెయ్యాల్సిన దూరపు సైకిల్ రైడ్) 12 గంటల 50 నిమిషాల్లో పూర్తిచేశాను (గడువు పదమూడున్నర గంటలు). ఈ ఏడాది 300 చెయ్యాలని తయారవుతుండగా ఇలా అయింది.

రెండు వారాల కిందట మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో సైకిల్‌ను స్తంభానికి ఆనించి పెట్టాను. పక్కన ఎవరిదో స్కూటర్ సైడ్ స్టాండ్ మీద ఉంది. అది ఒరిగి నా సైకిల్ మీద పడింది. దాని బ్రేక్ లివర్ కొస ఎడమ సీట్ స్టేకి (సీటు కింద నుంచి వెనక చక్రం ఇరుసు దాకా దిగే సన్న గొట్టం) తగిలింది. గీత పడిందిలే అనుకున్నాను. మర్నాడు ఓఆర్ఆర్ పక్కన సోలార్ ట్రాక్ మీద 40 కిలోమీటర్లు తొక్కాను కూడా. ఏమీ తెలియలేదు. సాయంత్రం తుడుస్తుంటే గుడ్డ పోగు ఆ గీతకు పట్టుకుంది. గోరు పెట్టి చూస్తే దిగింది. బొటనవేలితో గట్టిగా నొక్కితే సన్నగా 'టిక్' అని చప్పుడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆరోజే అదే సైకిల్ మీద గంటకు 35 వేగంతో పోయాను కదా అని.

వివరాలు: రిమ్ బ్రేకుల రోడ్ బైక్, సెకండ్ హ్యాండ్‌లో 62,000కి కొన్నాను. కాబట్టి వారంటీ మాట లేదు. పగులు ఎడమ స్టే బయటివైపు, బ్రేక్ బిగించే బ్రిడ్జికి 11 సెంటీమీటర్ల కింద. ఏటవాలుగా 22 మిల్లీమీటర్ల పొడవు. స్టే అక్కడ దాదాపు 15 మిల్లీమీటర్ల లావు. లోపలికి నొక్కుకుపోలేదు, రంధ్రం లేదు.

ఒక షాపులో "కార్బన్ పగిలిందంటే ఇక పారెయ్యడమే మేడమ్" అన్నారు. వేరే ఊరిలో కార్బన్ రిపేర్ చేసేవాళ్లను ఫోన్‌లో అడిగితే 16,000, కొరియర్ ఖర్చు వేరే, ఐదు వారాలు పడుతుందన్నారు. అంత పెట్టలేనని కాదు కానీ, పని అర్థమైతే నేనే చేసుకోవాలని ఉంది. చేతిపని నాకు కొత్త కాదు, కాలేజీ ల్యాబ్‌లో పరికరాలు నేనే విప్పి బాగుచేస్తాను.

నా ప్రశ్నలు ఇవి. పగిలింది పెయింటా, లోపలి పోగులా అని ఎలా తేల్చుకోవాలి? హార్డ్‌వేర్ షాపులో దొరికే రెండు ట్యూబుల అరాల్డైట్ సరిపోతుందా? అసలు ఈ పని ఇంట్లో చెయ్యదగినదేనా? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.

బెజవాడ_రమేష్ · ఏప్రిల్ 3

మేడమ్, నా అనుభవం చెప్తాను, తర్వాత మీ ఇష్టం. రెండేళ్ల కిందట నా కార్బన్ హ్యాండిల్ బార్, స్టెమ్ (బార్‌ను ఫోర్క్‌కు కలిపే ముక్క) బిగించే చోటుకు పక్కనే సన్నగా పగిలింది. వీడియోలు చూసి కార్బన్ గుడ్డ రెండు చుట్లు చుట్టి రెసిన్ పూశాను. చూడ్డానికి కొత్తదానిలా మెరిసింది. మూడు వారాలు బాగానే తొక్కాను. ఒకరోజు ఉండవల్లి వైపు వెళ్తూ చిన్న గుంటలో దిగాను, అంతే. బార్ కుడిపక్క చేతిలోకి వచ్చేసింది. ముందు పళ్లు రెండు పోయాయి, గడ్డానికి నాలుగు కుట్లు. ముందుగా చప్పుడు లేదు, వంగడం లేదు. ఒక్కసారిగా పోయింది.

16,000 మీ ముఖం కంటే ఎక్కువ కాదు. పంపించెయ్యండి.

కదిరి_బ్లేడ్ · ఏప్రిల్ 4

రమేష్ అన్న చెప్పిన మాట తేలిగ్గా తీసుకోవద్దు మేడమ్. హ్యాండిల్ బార్, స్టెమ్, ఫోర్క్, ఫోర్క్ మీదుండే స్టీరర్ గొట్టం, సీట్ పోస్ట్: వీటిని ఇంట్లో బాగుచెయ్యకూడదు. అవి విరిగితే మనిషి నేరుగా నేలకు కొట్టుకుంటాడు. పైగా వాటిలో చాలావాటికి క్లాంప్ బిగింపు ఉంటుంది, అతుకు మీద బిగింపు పడితే నిలవదు. పగిలితే కొత్తది కొనడమే.

సీట్ స్టే సంగతి వేరు. వెనక చక్రాన్ని నాలుగు కాళ్లు పట్టుకుంటాయి, రెండు సీట్ స్టేలు, రెండు చైన్ స్టేలు (పెడల్స్ దగ్గర నుంచి వెనక్కి పోయేవి). ఒకటి బలహీనపడితే చాలావరకు అది పూర్తిగా విరిగేముందే వెనక చక్రం ఊగుతుంది, చప్పుడు వస్తుంది, మనకు తెలుస్తుంది. ప్రమాదం లేదని నేను అనను. నేర్చుకుని చెయ్యదగిన చోటు అని మాత్రం అంటాను. మీ పగులు బ్రిడ్జికి దూరంగా, గొట్టం నిటారుగా ఉన్న భాగంలో ఉంది. అదే చైన్ స్టే మొదట్లో, బాటమ్ బ్రాకెట్ (పెడల్స్ ఇరుసు ఉండే చోటు) దగ్గర అయ్యుంటే నేనే వద్దనేవాణ్ణి.

నా పని ఏమిటంటే, గాలిమరల రెక్కలు బాగుచెయ్యడం. తాడు కట్టుకుని వేలాడుతూ చేస్తాం. అనంతపురం కొండల్లో, తమిళనాడు ముప్పందల్ వైపు కలిపి పదకొండేళ్లు. మావి ఎక్కువగా గ్లాస్ ఫైబర్, మీది కార్బన్, కానీ పద్ధతి ఒకటే. సైకిల్ ఫ్రేములు నాది ఒకటి, స్నేహితులవి మూడు చేశాను.

ముందు పెయింటా, పోగులా అన్నది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గుడ్డకు తడిపి ఆ చోట తుడవండి. చుట్టూ వెంటనే ఆరిపోతుంది, పగులులో దిగిన తడి మాత్రం నల్లటి గీతలా కాసేపు నిలుస్తుంది. దాన్నిబట్టి పగులు ఎంత దూరం పోయిందో తెలుస్తుంది. తర్వాత రూపాయి బిళ్ల అంచుతో మెల్లగా తడుతూ పోండి. కుండ కొనేటప్పుడు తట్టి చూస్తాం కదా, అలాగే. బాగున్న చోట గట్టిగా 'టక్ టక్' అంటుంది. పొరలు విడిపోయిన చోట శబ్దం చచ్చిపోయి 'తప్ తప్' అంటుంది. కుడి స్టేను కూడా అదే ఎత్తులో తట్టండి, పోల్చుకోవడానికి. శబ్దం మారిన చోటల్లా పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. మీరు నొక్కితే 'టిక్' అందన్నారు, కాబట్టి పోగులే పోయాయని నా నమ్మకం.

ఒకటి గుర్తుంచుకోండి. దెబ్బ తగిలిన వైపు కంటే లోపలి వైపు ఎక్కువ పాడవుతుంది. వడగళ్లు పడిన రెక్కల్లో ఇది ఎన్నోసార్లు చూశాను. పైన రూపాయి బిళ్లంత మచ్చ, కోసి చూస్తే లోపల అరచేతంత పొరలు విడిపోయి ఉంటాయి. మీకు కనిపించే 22 మిల్లీమీటర్లు పైకి కనిపించేది మాత్రమే.

ఇక అసలు పని. సగానికి పైగా రుద్దుడే మేడమ్, రెసిన్ పని తక్కువ. మీరు ఫిజిక్స్ చెప్తారు కాబట్టి త్వరగా పట్టుకుంటారు. కార్బన్ పోగు 7 మైక్రాన్ల లావు ఉంటుంది. టి700 లాంటి రకాన్ని పొడవునా లాగితే 4,900 మెగాపాస్కల్స్ దాకా తట్టుకుంటుంది. దాన్ని పట్టి ఉంచే ఎపాక్సీ అందులో అరవయ్యో వంతు, డెబ్భయ్యో వంతు. పాత పోగు తెగిన చోట బరువు కొత్త పోగులోకి పోవాలంటే మధ్యలో ఉన్న ఆ బలహీనమైన జిగురు గుండానే పోవాలి. మరి జిగురు నిలబడాలంటే ఏం చెయ్యాలి? అతుకు విస్తీర్ణం పెంచాలి. అందుకే పగులు చుట్టూ నిటారుగా గుంట తియ్యకుండా, పల్చటి వాలులా రుద్దుకుంటూ పోతాం. స్టే గోడ 1 మిల్లీమీటరు మందం అనుకుంటే, పగులు చివరి నుంచి అటు 30, ఇటు 30 మిల్లీమీటర్ల దూరం ఆ వాలు సాగాలి. రమేష్ అన్న బార్ విషయంలో జరిగింది నా లెక్కన ఇదే. పైన చుట్టారు, కింద వాలు తియ్యలేదు. బయటి చుట్టు తొడుగులా ఉండిపోయి, బరువంతా పగిలిన పాత బార్ మీదే పడింది. అలా అని వాలు తీస్తే హ్యాండిల్ బార్ చెయ్యొచ్చని మాత్రం అనుకోవద్దు ఎవరూ.

రుద్దడానికి 80 నంబరు కాగితంతో మొదలుపెట్టి 120, చివర 180. మెషీన్ వద్దు, చేత్తోనే. వాటర్ పేపర్, నీళ్లు పెట్టి తడితోనే రుద్దండి. పొడి లేస్తే ఊపిరిలోకి పోతుంది, చర్మం దురద పెడుతుంది, పైగా కార్బన్ పొడి గుండా కరెంటు పారుతుంది. ల్యాప్‌టాప్, స్విచ్ బోర్డు, మిక్సీ ఉన్న గదిలో అసలు చెయ్యకండి. ఎన్95 మాస్కు, నైట్రైల్ గ్లవ్స్, నిండు చేతుల చొక్కా. అయ్యాక ఊడవకండి, తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను కవర్‌లో కట్టి పడేయండి. తర్వాత ఫ్రేమ్‌ను ఒక రోజంతా ఆరనివ్వాలి. తేమ ఉంటే ఎపాక్సీ పట్టదు.

రుద్దాక ఏం కనిపించిందో ఇక్కడ రాయండి, తర్వాతి సంగతి అప్పుడు చెప్తాను. రెండు ట్యూబుల అరాల్డైట్ వద్దు. అది అతికించే జిగురు, చిక్కగా ఉంటుంది, గుడ్డలోకి దిగదు. పల్చటి ల్యామినేటింగ్ ఎపాక్సీ కావాలి. మనదగ్గర తేలిగ్గా దొరికేది ఎల్‌వై 556, దానికి హెచ్‌వై 951 హార్డ్‌నర్. ఇంజినీరింగ్ కాలేజీల్లో పిల్లలు ప్రాజెక్టులకు వాడేది అదే.

కాకినాడ_ఫైబర్‌బోట్ · ఏప్రిల్ 4

అమ్మా, నేను జగన్నాథపురంలో ఫైబర్ బోట్లు రిపేరు చేస్తాను. కదిరి తమ్ముడు చెప్పిందంతా సరిగ్గానే ఉంది. ఒక్క మాట కలుపుతాను. మీరు ఫైబర్ సామాను షాపుకు వెళ్లి "రెసిన్ కావాలి" అంటే ముందుగా చేతిలో పెట్టేది పాలియెస్టర్ రెసిన్. మేం బోట్లకు వాడేది అదే, చవక. గ్లాస్ మ్యాట్ మీద బాగా పనిచేస్తుంది. మీ ఫ్రేమ్ మీద వెయ్యకండి. గట్టిపడిన పాత ఎపాక్సీ మీద పాలియెస్టర్ సరిగ్గా పట్టదు, ఎండాక కుంచించుకుంటుంది, కొన్నాళ్లకు పెచ్చులా లేస్తుంది. డబ్బా మీద ఎపాక్సీ అని చదివే కొనండి.

ఇంకోటి. పాలియెస్టర్‌లో క్యాటలిస్ట్ నాలుగు చుక్కలు ఎక్కువేస్తే త్వరగా గడ్డకడుతుంది, తక్కువేస్తే నెమ్మదిస్తుంది. ఆ అలవాటు ఎపాక్సీకి పనికిరాదు. మా కుర్రాడొకడు అలాగే తొందరలో హార్డ్‌నర్ ఎక్కువ పోశాడు. వారమైనా పైన జిడ్డుగా, రబ్బరులా ఉండిపోయింది. మొత్తం గీకి మళ్లీ చేశాం. ఎపాక్సీలో ప్రతి గ్రాముకూ జత ఉండాలి, కొలత తప్పితే మిగిలింది మిగిలినట్టే ఉంటుంది. మీరు కొనే రకానికి నూరు గ్రాములకు పది గ్రాములు. బంగారం తూచే చిన్న డిజిటల్ త్రాసు కొనుక్కోండి. చెంచాలతో కొలవొద్దు.

మాధవి_నిజాంపేట · ఏప్రిల్ 12

అందరికీ కృతజ్ఞతలు. రమేష్ గారూ, మీ మాట చదివాక రెండు రోజులు ఆగి ఆలోచించాను. ఫోర్క్‌కో బార్‌కో అయ్యుంటే నిస్సందేహంగా మీరు చెప్పినట్టే చేసేదాన్ని. సీట్ స్టే కాబట్టి ముందుకే వెళ్తున్నాను. అయితే రుద్దాక లోపల చేతకాని పరిస్థితి కనిపిస్తే ఆపేసి పంపించెయ్యాలని ముందే రాసిపెట్టుకున్నాను.

ఆల్కహాల్ పరీక్షలో గీత 22 కాదు, 31 మిల్లీమీటర్లు అని తేలింది. రూపాయి బిళ్ల పరీక్ష ఆశ్చర్యం. కుడి స్టే అంతా ఒకే స్వరం. ఎడమ స్టేలో పగులు కింద ఇంకో సెంటీమీటరు దాకా శబ్దం మందంగా ఉంది, పైకి గీత కూడా లేని చోట. మొత్తం కలిపితే 41 మిల్లీమీటర్లు. అది విన్నాక గానీ కదిరి తమ్ముడు చెప్పిన వడగళ్ల సంగతి నాకు నిజంగా అర్థం కాలేదు.

మూడు ఉదయాలు బాల్కనీలో బకెట్ నీళ్లు పెట్టుకుని రుద్దాను. పెయింట్, ప్రైమర్, తర్వాత పైపొర. ఒక్కో పొర తెగుతున్నకొద్దీ చెట్టు కొమ్మ నరికితే కనిపించే వలయాల్లా గీతలు తేలాయి. లెక్కపెడితే ఏడు పొరలు. పోగుల దిశ కూడా కనిపించింది. కొన్ని గొట్టం పొడవునా, కొన్ని ఏటవాలుగా. నడిమధ్య 12 మిల్లీమీటర్ల మేర పోగులు పూర్తిగా తెగి లోపలి ఖాళీ కనిపించింది. నల్లగా విడిపోయిన పొరలను బ్లేడుతో గీకి తీసేశాను. ఇప్పుడు అంతటా 'టక్' అనే అంటోంది. వాలు పైకి 33, కిందికి 32 మిల్లీమీటర్లు వచ్చింది.

రుద్దడానికి ముందే ఇంకో పని చేశాను. హెడ్ ట్యూబ్ (ముందు ఫోర్క్ దూరే గొట్టం) నుంచి దారం తీసుకుని ఒక పక్క వెనక డ్రాప్ అవుట్‌కు (చక్రం ఇరుసు బిగించే చోటు), తిప్పి రెండో పక్క డ్రాప్ అవుట్‌కు కట్టి, దారానికీ సీట్ ట్యూబ్‌కూ మధ్య దూరం మిల్లీమీటర్లలో కొలిచాను. ఎడమ 31, కుడి 31.5. పని అయ్యాక మళ్లీ కొలిస్తే ఫ్రేమ్ వంకరపోయిందో లేదో తెలుస్తుంది కదా.

సామాను: బాలానగర్‌లో వెతికి ఎల్‌వై 556, హెచ్‌వై 951 తెచ్చాను. చదరపు మీటరుకు 200 గ్రాముల బరువుండే 3కె ట్విల్ గుడ్డ (ఏటవాలు గీతల్లా అల్లిన కార్బన్ గుడ్డ) అర మీటరు, పోగులన్నీ ఒకే దిశలో ఉండే గుడ్డ అర మీటరు ఆన్‌లైన్‌లో తెప్పించాను.

ఇప్పుడు సందేహాలు. లోపలి ఖాళీ మీద గుడ్డ కుంగకుండా ఏం చెయ్యాలి? ఏ పొర ముందు వెయ్యాలి, చిన్నదా పెద్దదా?

కదిరి_బ్లేడ్ · ఏప్రిల్ 12

అక్కా (మేడమ్ అనడం ఆపేస్తున్నాను, ఏమీ అనుకోకండి), పని చాలా శుభ్రంగా చేశారు. దారం కొలత నేను చెప్పడం మర్చిపోయాను, మీరే చేసుకున్నారు.

12 మిల్లీమీటర్ల ఖాళీకి చిన్న థర్మోకోల్ ముక్క గొట్టం లోపలి ఆకారానికి చెక్కి దూర్చండి. బలం కోసం కాదు, గుడ్డకు వెనక ఆనిక కోసమే. పైన కొద్ది ఎపాక్సీలో కత్తిరించిన కార్బన్ పోగులు కలిపి లప్పంలా పూసి మట్టం చెయ్యండి. ఎక్కువ పుయ్యొద్దు. ఉబ్బెత్తుగా ఉంటే మీద వేసే పోగు వంపు తిరుగుతుంది, వంపు తిరిగిన పోగు నిటారు పోగంత బరువు మొయ్యదు.

నేను చిన్న పొర ముందు వేస్తాను. తెగిన పాత పొర ఎంత మేర పోయిందో కొత్త పొర సరిగ్గా అంతే కూర్చుంటుంది. పొడవునా పోగులు మూడు పొరలు: 40, 60, 80 మిల్లీమీటర్లు. వాటి మీద ట్విల్‌ను 45 డిగ్రీల ఏటవాలుగా కోసి రెండు చుట్లు. 200 గ్రాముల గుడ్డ ఎండాక ఒక్కో పొర పావు మిల్లీమీటరు లోపే ఉంటుంది, ఐదు కలిపితే మీ గోడ మందం వచ్చేసి, కొంచెం ఎక్కువే అవుతుంది. వాలు దాటి పాత గొట్టం మీదికి పై చుట్టు ఇంకో 15 మిల్లీమీటర్లు పోనివ్వండి.

గుడ్డ ఎంత బరువుంటే రెసిన్ అంతే కలపండి, చేతిపనికి అది సరిపోతుంది. ఎక్కువ పోస్తే బలం అనుకుంటారు చాలామంది. బలం పోగుది. అదనపు రెసిన్ బయటికి పోవాలి, బుడగలు పోవాలి. దానికి ఇన్సులేషన్ టేపును జిగురు వైపు బయటికి వచ్చేలా తిప్పి, బాగా సాగదీసి, కింది నుంచి పైకి సగం సగం మీద పడేలా చుట్టండి. చుట్టాక గుండుసూదితో సెంటీమీటరుకొక రంధ్రం పొడవండి. రెసిన్ చుక్కలు చుక్కలుగా బయటికి వస్తుంది. చక్రం బిగించే ఉంచి ఎండనివ్వండి, అప్పుడు డ్రాప్ అవుట్లు కదలవు.

వేసవి కాబట్టి తెల్లవారుజామున మొదలుపెట్టండి. 38 డిగ్రీల మధ్యాహ్నం కలిపితే చేతిలో ఉండగానే చిక్కబడుతుంది. ఒకేసారి 20 గ్రాములకు మించి కలపొద్దు. లోతు కప్పులో మిగిలిపోతే తన వేడికి తానే కాగి పొగ వస్తుంది. వెడల్పాటి పళ్లెంలో పరిచినట్టు ఉంచండి. హార్డ్‌నర్ చర్మానికి తగలనివ్వకండి, ఒకసారి ఒంటికి పడకపోతే జన్మంతా పడదు. మాతో పనిచేసే ఒకతను దీనివల్లే ఈ పని మానుకున్నాడు.

కాకినాడ_ఫైబర్‌బోట్ · ఏప్రిల్ 13

తమ్ముడూ, నేను మాత్రం పెద్ద పొర ముందు వేస్తాను. చిన్నవి ముందు వేస్తే చివర్లో నునుపు చేసేటప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన పెద్ద పొరే ఉప్పు కాగితానికి బలవుతుంది. పెద్దది అడుగున ఉంటే దానికి దెబ్బ తగలదు, పాత దానికి నేరుగా అతుక్కుంటుంది కూడా.

అమ్మా, ఈ గొట్టానికి మాత్రం తమ్ముడి పద్ధతే చెయ్యండి. పైన ట్విల్ రెండు చుట్లు కాపలా ఉంటాయి కాబట్టి నునుపు చేసినా అసలు పోగులకు ఏమీ కాదు.

మాధవి_నిజాంపేట · ఏప్రిల్ 28

పని అయింది. ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి, పరీక్ష పేపర్లు దిద్దే పని మధ్యలో పడింది.

ఆదివారం ఉదయం ఐదింటికి మొదలుపెట్టాను, థర్మామీటర్ 28 చూపించింది. రెసిన్ 20 గ్రాములు, హార్డ్‌నర్ 2 గ్రాములు, త్రాసు మీద. మా అమ్మాయి గ్లవ్స్ వేసుకుని ముక్కలు అందించింది. ముక్కలన్నీ ముందే కోసి నంబర్లు వేసి పెట్టుకోవడం మంచిదైంది, ఎందుకంటే రెసిన్ చేతికి అంటాక కత్తెర పట్టలేం. మొదటి మూడు పొరలు పది నిమిషాల్లో కూర్చున్నాయి. ట్విల్ చుట్టడమే కష్టమైంది. 45 డిగ్రీల్లో కోసిన గుడ్డ లాగితే సన్నగా సాగిపోతుంది, పోగులు జారిపోతాయి. మొదటి ముక్క పాడైంది, అదనంగా కోసి ఉంచిన రెండోది వేశాను. టేపు చుట్టేసరికి 34 నిమిషాలు. పళ్లెంలో మిగిలింది అప్పటికే తేనెలా తీగలు సాగుతోంది.

24 గంటలయ్యాక టేపు ఊడదీశాను. టేపు మడతలు పడిన చోట గట్లలా వచ్చాయి, మిగతాదంతా గట్టిగా, బుడగలు లేకుండా ఉంది. ఒక చివర మాత్రం గుండుసూది తలంత రెండు బొక్కలున్నాయి, అవి పై చుట్టులోనే.

తర్వాత గ్లాస్ ట్రాన్సిషన్ గురించి ఆలోచించాను. క్లాసులో పిల్లలకు చెప్పే సంగతే. గది వేడిలో ఎండిన ఎపాక్సీ 50, 60 డిగ్రీల దగ్గరే మెత్తబడడం మొదలవుతుంది. మే నెలలో ఎండలో ఆపిన కారు లోపల అంతకంటే ఎక్కువే ఉంటుంది. రైడ్‌కు వెళ్లేటప్పుడు నేను సైకిల్‌ను కారులోనే పెట్టుకుంటాను. ముందే మెల్లగా వేడి చేసి ఇంకా గట్టిపరిస్తే ఆ హద్దు పైకి జరుగుతుంది. అందుకని అట్టపెట్టె లోపల అల్యూమినియం ఫాయిల్ అంటించి, 60 వాట్ల పాతకాలం బల్బు ఫాయిల్‌కు తగలకుండా వేలాడదీసి, స్టే భాగాన్ని దాంట్లో పెట్టాను. చక్రం అప్పటికే తీసేశాను. గంటకు పది డిగ్రీల చొప్పున పెంచి 60 దగ్గర ఎనిమిది గంటలు ఉంచాను. పెట్టె పక్కనే కుర్చీ వేసుకుని పేపర్లు దిద్దాను, ఒక్క నిమిషం కూడా వదిలి వెళ్లలేదు. ఫ్రేమ్‌ను తయారుచేసేటప్పుడు సాధారణంగా 120 డిగ్రీలకు పైనే వేడి చేస్తారు కాబట్టి 60 వల్ల పాత భాగానికి ఏమీ కాదు. ఏమంటారు తమ్ముడూ?

దారం కొలత మళ్లీ చూశాను. ఎడమ 31, కుడి 31.5. మారలేదు. బరువు 19 గ్రాములు పెరిగింది.

కదిరి_బ్లేడ్ · ఏప్రిల్ 28

సరిగ్గా చేశారక్కా. మేం కూడా రెక్క మీద హీటింగ్ బ్లాంకెట్ కప్పి ఇదే చేస్తాం. గట్లను 240 వాటర్ పేపర్‌తో తీసెయ్యండి, పోగు కనిపించేదాకా పోవద్దు. బొక్కల్లో చుక్క ఎపాక్సీ పెట్టండి.

రంగు వెయ్యకండి. పారదర్శకంగా ఉండే క్లియర్ మాత్రమే, ఎండకు ఎపాక్సీ పసుపెక్కకుండా. పైన రంగుంటే రేపు కొత్త గీత పడినా కనిపించదు. క్లియర్ కూడా కార్లకు రంగు వేసేవాళ్ల దగ్గర కొట్టించండి. రెండు డబ్బాలు కలిపే పీయూ (పాలీయురేతేన్) క్లియర్ స్ప్రే ఊపిరితిత్తులకు మంచిది కాదు, ఇంట్లో వద్దు.

తొక్కడం మాత్రం మెల్లగా మొదలుపెట్టండి. మొదట కాలనీలో, సీటు మీద కూర్చుని గట్టిగా కిందికి ఒత్తుతూ, వెనక బ్రేకు పట్టి చూస్తూ. అతుకు రెండు చివర్లా తెల్ల పెన్సిల్‌తో గీత గియ్యండి. ప్రతి రైడ్ తర్వాత ఆ గీత దగ్గర వెంట్రుకంత పగులు, తెల్లటి మచ్చ ఉన్నాయేమో చూడండి. రూపాయి బిళ్ల సంచిలోనే ఉంచుకోండి.

బెజవాడ_రమేష్ · ఏప్రిల్ 29

మేడమ్, నేను వద్దన్నాను గానీ మీరు ఇంత ఓపిగ్గా చేస్తారని అనుకోలేదు. వాలు తియ్యడం గురించి నాకు అప్పుడు ఎవరూ చెప్పలేదు. ఒక్క కోరిక, మొదటి పెద్ద రైడ్ ఒంటరిగా వెళ్లకండి.

మాధవి_నిజాంపేట · మే 19

ఒంటరిగా వెళ్లలేదు రమేష్ గారూ, మా గ్రూపులో ఇద్దరు నా వెనకే ఉన్నారు, స్టే మీద ఒక కన్నేసి.

ఇప్పటికి 260 కిలోమీటర్లు అయింది. మొదటి వారం కాలనీలో, తర్వాత సోలార్ ట్రాక్ మీద నాలుగుసార్లు, నిన్న చేవెళ్ల దారిలో 80. నిలబడి తొక్కినా చప్పుడు లేదు. గీతల దగ్గర ఏ మార్పూ లేదు, నాణెం శబ్దం రెండు స్టేల మీదా దాదాపు ఒకేలా ఉంది, అతుకు దగ్గర కొంచెం బరువైన 'టక్', మందం ఎక్కువ కాబట్టి. వచ్చే నెల అనంతగిరి ఎక్కాలని ఉంది. దిగేటప్పుడు వెనక బ్రేకు మీద ఎక్కువ ఆధారపడతాను, అదొక్కటే కొంచెం టెన్షన్.

కదిరి_బ్లేడ్ · మే 19

బ్రిడ్జి 11 సెంటీమీటర్ల పైన ఉంది కదక్కా, బ్రేకు బరువు రెండు స్టేలూ పంచుకుంటాయి. అయినా కొండ దిగే ముందు పైన ఆగి ఒకసారి, దిగాక ఒకసారి నాణెం కొట్టి చూడండి. ఏం వినిపించిందో ఇక్కడ రాయండి.